పేరు చూసి ఆపరేషనా?

కుక్క కరిచిందన్న వార్త చదివినప్పుడల్లా ఏ తల్లికైనా గుండె జల్లుమంటుంది. ఇంట్లో అన్నం పెట్టి పెంచిన కుక్కే ఆ పని చేసిందంటే ఇక చెప్పక్కర్లేదు. 2022 జూలైలో లక్నోలో 82 ఏళ్ల పెద్దావిడను ఇంట్లో పెంచుకుంటున్న పిట్‌బుల్ కరిచి చంపింది. సెప్టెంబరులో ఘజియాబాద్‌లో పార్కులో ఉన్న పిల్లాడి మీద మరో పిట్‌బుల్ పడింది. ఆ పసివాడి ముఖానికి వందకు పైగా కుట్లు వేయాల్సివచ్చింది. జనం భగ్గుమన్నారు. అక్టోబరులో ఘజియాబాద్ నగరపాలక సంస్థ పిట్‌బుల్, రాట్‌వీలర్, డోగో అర్జెంటీనో జాతులను కొత్తగా ఎవరూ పెంచుకోకూడదని తీర్మానించింది. అప్పటికే ఉన్నవాటికి రెండు నెలల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి తీరాలంది.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ కూడా ఇదే దారి పట్టింది. 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలనీ, ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలనీ రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధించిన వాళ్లెవరి మాటా వినకుండా ఇచ్చారంటూ ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అందరినీ సంప్రదించి మళ్లీ తీసుకురావచ్చని కూడా చెప్పింది. అంటే కోర్టు తప్పుపట్టింది పద్ధతిని. ఈ ఆలోచన మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. రేపు మన మునిసిపాలిటీ ముందుకూ రావచ్చు. కాబట్టి మనం ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఆపరేషన్ మీద కోపమా?

కాదు. ఆడకుక్కకు ఆపరేషన్ చేయిస్తే గర్భసంచిలో చీము పట్టే జబ్బు రాదు. ఏటా పుట్టే పిల్లల్ని ఎవరికివ్వాలా అన్న బెంగ ఉండదు. మగకుక్క ఇల్లు వదిలి తిరగడం, తోటి మగకుక్కలతో కొట్లాడటం తగ్గుతాయి. అయితే భయంతో కరిచే కుక్క, రోజంతా గొలుసుకు కట్టేసి ఉంచడంవల్ల చిర్రెత్తిపోయిన కుక్క, మనిషి మీదికి ఉసిగొల్పడం నేర్పిన కుక్క ఆపరేషన్ చేసినంత మాత్రాన సాధువైపోదు. పైగా ఎప్పుడు చేయించాలన్నది డాక్టరు చెప్పాల్సిన మాట. రాట్‌వీలర్‌కు ఏడాది నిండకముందే ఆపరేషన్ చేస్తే కీళ్ల జబ్బుల ముప్పు పెరుగుతుందని కాలిఫోర్నియాలోని డేవిస్ పశువైద్యులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. రెండు నెలల గడువు పెట్టే తీర్మానానికి ఇవన్నీ పడతాయా?

జాతి ఎవరు తేలుస్తారు?

కేంద్రం జాబితాలో "టెర్రియర్లు" అని ఒక్క మాటలో రాసేశారు. టెర్రియర్ అంటే ఒక కుక్క కాదు. ఒళ్లో పట్టే యార్క్‌షైర్ నుంచి నడుము దాకా వచ్చే ఎయిర్‌డేల్ వరకూ అందులో బోలెడు జాతులున్నాయి. సంకర జాతులూ వస్తాయన్నారు. మన ఊళ్లలో పుట్టుక కాగితాలున్న కుక్కలెన్ని? పొట్టి వెంట్రుకలు, వెడల్పు మూతి కనబడితే చాలు, పిట్‌బుల్ అనేస్తారు. ఇక ఇన్‌స్పెక్టరు చెప్పిందే జాతి!

పోనీ, జాతి తెలిస్తే గుణం తెలిసిపోతుందా? 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం కోసం 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించారు. రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు పరీక్షించారు. కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో కనబడే తేడాల్లో జాతి వాటా సుమారు 9 శాతమేనని తేలింది. నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్‌ను నిషేధించింది. కాట్లు తగ్గకపోవడంతో 2008లో ఆ నిషేధాన్ని ఎత్తేయాలని నిర్ణయించింది.

"నా బిడ్డను కరిస్తే ఈ లెక్కలు నాకెందుకు?" అని ఒక తల్లి అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. పెద్ద దవడ ఉన్న కుక్క కరిస్తే గాయం పెద్దదే. అందుకే అలాంటి కుక్కను బయటికి తీసుకెళ్లేటప్పుడు గట్టి బెల్టు, మూతికి చిక్కం ఉండాలనడంలో తప్పులేదు. కానీ ఆపరేషన్ చేయించిన కుక్కను కూడా గేటు తీసి వీధిలోకి వదిలేస్తే ఆ బిడ్డకు రక్షణ ఏదీ? 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును చంపింది వీధికుక్కల గుంపు. ఏ జాబితాలోనూ వాటి పేరుండదు. అక్కడ మాత్రం ఆపరేషన్లు, టీకాలు పెద్దఎత్తున జరగాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం అది స్థానిక సంస్థల బాధ్యత. ఆ పని సగంలో వదిలేసి ఇళ్లలోని నాలుగు జాతుల మీద పడటం అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే.

భయపెడితే ఏమవుతుంది?

జరిమానాకు జడిసి కొందరు కుక్కను దాచేస్తారు. లైసెన్సుకు వెళ్లరు, పశువుల ఆసుపత్రి గడప తొక్కరు. రేబిస్ టీకా కూడా ఆగిపోతుంది. మరికొందరు రాత్రికి రాత్రి ఊరవతల వదిలేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అనుమానమున్న జంతువులు కరిచినవారిలో నూటికి 40 మంది పదిహేనేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్కలు లెక్కలో లేకుండా పోతే నష్టం ఎవరికో వేరే చెప్పాలా?

ఉన్న చట్టాలే అమలు చేయొచ్చు కదా. కుక్కను ఎప్పుడూ కట్టేసి, తిప్పకుండా ఉంచడం 1960 నాటి చట్టం ప్రకారమే నేరం. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు, ఐదు వేల జరిమానా దాకా పడొచ్చు. కుక్కపిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్లు రిజిస్టర్ చేయించుకోవాలనీ, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదనీ 2017 నిబంధనలున్నాయి. మీ వీధిలో అమ్మే వాళ్లలో ఎంతమందికి ఆ రిజిస్ట్రేషన్ ఉంది?

ముచ్చటపడి కుక్కను తెచ్చేది ఇంట్లో ఎవరైనా, అన్నం పెట్టి, కడిగి, టీకా తేదీ గుర్తుపెట్టుకునే పని చాలా ఇళ్లలో ఆడవాళ్ల మీదే పడుతుంది. అది ఎప్పుడు గుర్రుమంటుందో, ఎవర్ని చూస్తే బెదురుతుందో ముందు తెలిసేది కూడా మనకే. కాబట్టి మీ మునిసిపాలిటీ ఇలాంటి తీర్మానం తలపెడితే అభ్యంతరం రాసి పంపండి. అన్ని జాతులకూ ఒకే లైసెన్సు, ఏటా టీకా, ఆపరేషన్‌కు తక్కువ ఫీజు, కరిచిన చరిత్ర ఉన్న కుక్క విషయంలో యజమాని మీద గట్టి చర్య కావాలని అడగండి. మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ వారమే టీకా కార్డు తీసి, తేదీ దాటిందేమో చూడండి.