మూడు షిఫ్టుల ఊరిలో మూడేళ్ల బిడ్డ

భిలాయి ఉక్కునగరంలో దినచర్యను నిర్ణయించేది కర్మాగారం. ఉదయం 6 గంటలకు మొదటి షిఫ్టు, మధ్యాహ్నం 2 గంటలకు రెండవది, రాత్రి 10 గంటలకు మూడవది. ఈ వారం పగలు పనిచేసిన తండ్రి మరొక వారం రాత్రి పనిచేస్తాడు. తెల్లవారి ఇల్లు చేరి, పిల్లలు మేలుకునే వేళకు తాను నిద్రకు ఉపక్రమిస్తాడు. తల్లి కూడా ఆసుపత్రిలోనో, బ్యాంకులోనో, పాఠశాలలోనో ఉద్యోగం చేస్తున్నదైతే, ఆ ఇంట మూడేళ్ల బిడ్డకు బడి వెదకడం విద్యాసమస్య కాకమునుపే కాలసమస్య అవుతుంది. ఏ బడి మంచిదని ఇరుగుపొరుగును అడగబోయే ముందు, మన ఇంట ఏయే గంటలలో బిడ్డను చూసే దిక్కు లేదో ఒక కాగితం మీద వ్రాసుకోవడం మేలు. ఆ కాగితం ముందు చాలా బళ్ల ప్రచారపత్రాలు వెలవెలపోతాయి.

భిలాయి పాత ఊరేమీ కాదు. సోవియట్ సహకారంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం నిర్మించేందుకు 1955 ఫిబ్రవరి 2న ఒడంబడిక కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నాడు మధ్యప్రదేశ్‌లో ఉన్న ఈ ప్రాంతం 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమయింది. పని వెదుక్కుంటూ నలుదిక్కుల నుండి వచ్చినవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం, ఖుర్సీపార్ వీధులలో వినవచ్చే తెలుగు మాట అందుకు సాక్ష్యం. అయితే ఆనాడు వచ్చినవారిలో అధికులు పడుచువారే. ఊరు పుట్టిన నాడు దానికి అమ్మమ్మలూ నాయనమ్మలూ లేరు. తరువాతి కాలంలో తయారయ్యారు గాని, కర్మాగారం ఇచ్చిన క్వార్టరు సాధారణంగా ఉద్యోగం ఉన్నన్నాళ్లే. పదవీ విరమణ కాగానే కొందరు స్వగ్రామాలకు మరలిపోయారు. కొందరు టౌన్‌షిప్ వెలుపల ఇళ్లు కట్టుకున్నారు. పల్లెలో అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చేసే పనిని ఇక్కడ నెలజీతం మీద మరొకరు చేయవలసి వస్తుంది. శిశువిద్యాలయం ఎంపికలో మనం వెదుకుతున్నది నిజానికి ఆ మనిషిని.

బిడ్డను చూసుకోవడం కోసమే బడికి పంపుతున్నామని చెప్పుకోవడానికి మన మధ్యతరగతి తల్లిదండ్రులు సంకోచిస్తారు. ‘చదువు కోసం’ అంటేనే గౌరవమని భావిస్తారు. ఇందులో చిన్నతనపడవలసినది ఏమీ లేదు. శిశుపాఠశాల పుట్టిందే కార్మికుల ఊళ్లలో. స్కాట్లండ్‌లోని న్యూ లానార్క్ అనే నూలుమిల్లుల ఊరిలో రాబర్ట్ ఓవెన్ 1816లో పసిపిల్లల బడి తెరిచాడు. నడక వచ్చిన పిల్లలను అందులో చేర్చుకున్నారు. దానికి అధిపతిగా ఆయన ఏరి తెచ్చింది పండితుని కాదు, జేమ్స్ బుకానన్ అనే సామాన్యమైన నేతపనివానిని. పిల్లలంటే అపారమైన ప్రేమ, ఓర్పు ఉండడమే అతని అర్హత. పసివారిని పుస్తకాలతో వేధించరాదన్నది ఆ బడి నియమాలలో ఒకటి. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో పేటలో మరియా మాంటిస్సోరి తన మొదటి ‘బాలల గృహం’ ప్రారంభించినదీ ఇటువంటి అవసరం మీదనే. తల్లిదండ్రులు కూలికి పోగా, బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీదా వసారాలలోనూ తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని ఆ భవనాల యజమానులు వారికొక గది కేటాయించారు. ఇప్పుడు ఆ వైద్యురాలి పేరు మన ఊళ్లలో ఎన్నో బళ్ల బోర్డుల మీద ఉంది. అందులో ఎన్ని ఆమె పద్ధతిని పాటిస్తున్నవో లోపలికి వెళ్లి చూస్తేనే గాని తెలియదు.

మన దేశంలోనూ ఈ ఆలోచనకు మంచి వంశమే ఉంది. గిజుభాయ్ బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పాడు. మాంటిస్సోరి స్వయంగా 1939లో మద్రాసు చేరి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఖరీదైన పరికరాలు మన పేదపిల్లలకు అందవని గ్రహించిన తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్ర సముద్రతీరంలోని బోర్డీలో 1945 నుండి, అటు పిమ్మట కోస్‌బాడ్‌లో, గవ్వలు, గింజలు, ఆకులతోనే బాలవాడీ నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వారి వాకిటికి తీసుకుపోయారు. 1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభించినప్పుడు దాని కేంద్రాలకు అంగన్‌వాడీ అనే పేరు వచ్చింది. అంటే ముంగిటి బడి. క్వార్టర్లలో ఉండేవారు అంగన్‌వాడీ పేదవారిదని తలచి ఆ వైపు చూడను కూడా చూడరు. ఒకసారి చూసి రావడంలో నష్టం లేదు. ఆటా పాటా, భోజనం, టీకాలు, ఇంటికి దగ్గరగా ఉండడం, వీధి తెలిసిన మనిషి ఉండడం ఒక్కచోట దొరకడం సామాన్యం కాదు. అయితే నడిపే కార్యకర్త ఎటువంటిదన్న దాని మీదనే సర్వం ఆధారపడి ఉంటుంది.

మన చట్టాలు ఈ విషయంలో ఎలా ఆలోచించాయో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పెద్ద కర్మాగారాలలో ఆరేళ్లలోపు పిల్లలకు శిశుసంరక్షణ గది ఉండాలన్నది. కాని లెక్కించింది స్త్రీ కార్మికులనే: మొదట 50 మందికి మించితే అన్నారు, 1976 సవరణతో 30కి తగ్గించారు. కొలిమి దగ్గర వేల కొలది పురుషులు పనిచేసినా వారి పిల్లలు ఆ లెక్కలోకి రాలేదు. బిడ్డ తల్లిదే గాని తండ్రిది కాదన్నట్లు! 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు గాని ఉద్యోగుల మొత్తం సంఖ్యను, 50ని, ప్రమాణంగా తీసుకోలేదు. ఆరేళ్లు నిండని బిడ్డకు పాఠశాల చట్టంలోనూ గట్టి చోటు లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల వారికి హక్కు ఇచ్చింది. మూడేళ్ల వారి కోసం ప్రభుత్వం ‘ఏర్పాట్లు చేయవచ్చును’ అని మాత్రమే చెప్పింది. ఈ ఖాళీలోనే వీధికొక ప్లేస్కూలు వెలిసింది.

ఇక ఆ బళ్ల సంగతి. చాలా చోట్ల మూడేళ్ల బిడ్డ చేత పెన్సిలు పట్టిస్తారు. నాలుగేళ్లకు ఎ నుండి జడ్ వరకు నాలుగు గీతల పుస్తకంలో వ్రాయిస్తారు. తల్లిదండ్రులు దానినే ప్రగతి అనుకుంటారు. మన మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉన్నాయి. పుట్టినప్పుడు అవి మృదులాస్థి మాత్రమే. ఒకటొకటిగా ఎముకగా మారుతూ పన్నెండేళ్ల ప్రాంతానికి పూర్తి అవుతాయి. మూడేళ్ల బిడ్డ చేతిలో ఇంచుమించు మూడు తయారై ఉంటాయి. ఆ చేతికి తగినవి పిండి ముద్ద, ఇసుక, నీరు, గింజలు, రంగు. మూడు గంటలసేపు గీతల మధ్య అక్షరాలు దిద్దించే బడి ఎంత పేరుమోసినదైనా ఆ ఈడు వారికి తగదు. ప్రవేశానికి బిడ్డను ప్రశ్నించే పద్ధతి పనికిరాదని 1993లో యశ్‌పాల్ సంఘం స్పష్టంగా చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం 3 నుండి 8 ఏళ్ల వరకు ఒకే పునాది దశగా పరిగణించి, ఆటకే ప్రాధాన్యం ఇవ్వాలన్నది. ఆరేళ్లకు ఒకటవ తరగతి. కనుక నాలుగేళ్ల బిడ్డకు పొరుగింటివారి బిడ్డతో పందెం అవసరం లేదు.

షిఫ్టుల ఊరిలో మరొక చిక్కు ఉన్నది. దానిని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. రాత్రి పనిచేసి వచ్చిన తండ్రి రెండు గదుల ఇంట పగలు నిద్రపోవాలి. బిడ్డను ‘ష్, నాన్న పడుకున్నారు’ అని అదిమి ఉంచడం తల్లికి ప్రాణాంతకం. అందువల్ల ఇంటి నిశ్శబ్దం కోసం బిడ్డను వీలైనంత పెందలాడే బడికి, ఆ తరువాత ట్యూషనుకు పంపే ఇళ్లు లేకపోలేదు. రాత్రి తండ్రి పనికి పోయేదాకా బిడ్డ మేలుకొని ఉంటాడు. ఉదయం ఆటో వచ్చేసరికి ఈడ్చి లేపుతారు. 3, 4 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుండి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో సూచించింది. బిడ్డ పెంకితనం చేస్తున్నాడని, బడిలో శ్రద్ధ లేదని ఫిర్యాదులు వచ్చినప్పుడు ముందుగా లెక్కించవలసినది ఈ గంటలనే. మన కర్మాగారానికి నమూనా అయిన సోవియట్ దేశంలో శిశువిద్యాలయాలలో మధ్యాహ్నం పూట చిన్న చిన్న మంచాలు వేసి పిల్లలను నిద్రపుచ్చడం దినచర్యలో భాగం. మీరు చూడబోయిన బడిలో బిడ్డ నిద్ర వస్తే ఎక్కడ పడుకుంటాడని అడగండి. బల్ల మీద తల వాల్చుకుంటాడని సమాధానం వస్తే, అక్కడ మధ్యాహ్నం దాటి ఉంచడం మంచిది కాదు.

అన్నిటికంటె సున్నితమైనది భాష. ఖుర్సీపార్‌లో గాని, ఏ సెక్టారులో గాని తెలుగు ఇంటి బిడ్డ ఇంట తెలుగు, వీధిలో హిందీ, పనిమనిషి నోట ఛత్తీస్‌గఢీ వింటూ పెరుగుతాడు. బడిలో నాలుగవదైన ఇంగ్లీషు ఎదురవుతుంది. పిల్లలకు పలుభాషలు భారం కావు. రెండు మూడు భాషల మధ్య పెరగడం వల్ల మాటలు ఆలస్యమవుతాయన్న భయానికి ఆధారం లేదు. భారం వేరే చోట ఉన్నది. ‘బువ్వ’ అంటే అర్థం కాని మనిషి దగ్గర ఆకలిగొన్న బిడ్డ ఏమి చేస్తాడు? ‘ఒంటికి’ అని రెండుసార్లు చెప్పి, ఎవరూ కదలకపోతే, చెడ్డీ తడుపుకొని నలుగురిలో నవ్వులపాలవుతాడు. మరునాడు బడికి పోనని ఏడుస్తాడు. ఆ ఏడుపు చదువు మీద అయిష్టం కాదు. చేర్చిన రోజుననే ఆకలి, దాహం, నిద్ర, నొప్పి, మరుగుదొడ్డి, భయం — వీటికి బిడ్డ వాడే మాటలను హిందీలో వ్రాసి ఉపాధ్యాయినికి, ముఖ్యంగా ఆయాకు ఇవ్వండి. ఆ కాగితాన్ని ఆమె ఎలా అందుకుంటుందో చూడండి. నవ్వి చదువుకుంటే సగం పని అయినట్లే. ‘ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి’ అని సలహా ఇస్తే మర్యాదగా విని ఊరకుండండి. తల్లికి రాని భాషలో తల్లి జోల పాడలేదు. సెలవులకు శ్రీకాకుళమో విజయనగరమో వెళ్లినప్పుడు తాతతో మాట్లాడలేని మనుమడు ఇంట తయారైతే, ఆ లోటు ఏ ఇంగ్లీషు మార్కులతోనూ తీరదు.

బడి చూడడానికి ప్రవేశాల వేళ కాక, బడి వదిలే వేళ వెళ్లడం ఉత్తమం. ఉదయం అందరూ ముస్తాబుగా ఉంటారు. మధ్యాహ్నానికి నిజం బయటపడుతుంది. ముక్కు తుడవని బిడ్డ ఎందరు, ఏడుస్తున్న బిడ్డ దగ్గర ఎవరున్నారు, ఎవరు వచ్చి అడిగినా పిల్లవానిని అప్పగిస్తున్నారా అన్నది అప్పుడే కనబడుతుంది. గోడకు అంటించిన బొమ్మలు ముప్పయ్యీ ఒకేలా ఉంటే అవి పంతులమ్మ వేసినవని గ్రహించవచ్చును. మరుగుదొడ్డి చూడకుండా రావద్దు. 2013 జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం 3 నుండి 6 ఏళ్ల వారిలో 20 మందికి ఒకరు, మూడేళ్లలోపు వారిలో 10 మందికి ఒకరు పెద్దవారు ఉండాలన్నది. తలలు లెక్కపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇంటి నుండి దూరం కూడా లెక్కలోనికి తీసుకోండి. టౌన్‌షిప్ సెక్టార్లను నడిచి పోగల దూరంలో బడి ఉండేలా కట్టారు. అటువంటి ఊరిలో పేరు కోసం బిడ్డను కిక్కిరిసిన ఆటోలో ఊరి ఆ చివరకు పంపడం వింతగా తోస్తుంది.

ఒక మాట ఫీజు గురించి. కర్మాగారంలో శాశ్వత ఉద్యోగాలు నాటి కంటే బాగా తగ్గి, కాంట్రాక్టు మీద పనిచేసేవారు పెరిగిన ఈ రోజులలో, మూడేళ్ల బిడ్డ బడికి అప్పు చేయడం తగదు. ఆ సొమ్ములో కొంత పాలకూ పండ్లకూ, కొంత బొమ్మల పుస్తకాలకూ పోతే బిడ్డకు ఎక్కువ దక్కుతుంది.

బడి కుదిరిన తరువాత చేర్చే తేదీని పంచాంగంతో పాటు షిఫ్టు పట్టికలో కూడా చూడండి. తండ్రికి రెండవ షిఫ్టు పడిన వారం అందుకు అనువైనది: ఉదయం ఆయన ఇంట ఉంటాడు, నిద్ర కూడా తీరి ఉంటుంది. మొదటి రోజు బిడ్డతో గంటసేపు అక్కడే కూర్చోవాలి. రెండవ రోజు వరండాలో ఉండాలి. వదలి వచ్చేటప్పుడు బిడ్డ చూపు తప్పించి జారుకోరాదు. ‘నేను పోయి, గంట కొట్టాక వస్తాను’ అని చెప్పి, ఏడ్చినా సరే, చెప్పి రావాలి. చెప్పిన వేళకు అయిదు నిమిషాలు ముందుగా గేటు దగ్గర నిలబడాలి. ఆ వారమంతా మరెవరినీ పంపవద్దు. రెండవ వారానికి షిఫ్టు మారేసరికి, రేపటి నుండి తీసుకుపోవడానికి అమ్మ వస్తుందని బిడ్డకు ఒక రోజు ముందే చెప్పాలి.