వంటింటి సైన్సు: గ్లాసెడు అంటే ఎంత?

"గ్లాసు మైదా, అరగ్లాసు పంచదార, పావు గ్లాసు నెయ్యి, చిటికెడు వంటసోడా..." వంటల పేజీలో ఇలా చదివి పొయ్యి వెలిగిస్తాం. పక్కింటావిడ కూడా అదే చదివి చేస్తుంది. ఆవిడ బిస్కెట్లు గుల్లగా వస్తాయి, మనవి రాళ్ళలా వస్తాయి. హస్తవాసి అనుకుని ఊరుకుంటాం. కాని తేడా హస్తవాసిలో లేదు, గ్లాసులో ఉంది. కెమిస్ట్రీ అంటే కాలేజీ పిల్లల తలనొప్పి అనుకుంటాం గాని, ఆ చదువు మొదలయ్యేది "ఎంత?" అనే ప్రశ్నతోనే. ఆ ప్రశ్న మనం రోజుకి పదిసార్లు వేసుకుంటాం. అవతల ఉన్నది బిస్కెట్లయితే ఫర్వాలేదు. పసివాడి మందయితే?

గ్లాసు ఒకటే, బరువు వేరు

200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసు ఒకటి తీసుకోండి. దాన్నిండా నీళ్ళు పోస్తే 200 గ్రాములు తూగుతాయి. నూనె పోస్తే 183 గ్రాములకి అటూ ఇటూ. పంచదార 170 దగ్గర, బియ్యం 165 దగ్గర ఉంటాయి. జల్లించిన గోధుమపిండి అయితే 110 గ్రాములు కూడా సరిగా ఉండదు. అదే పిండిని గరిటెతో అదిమి నింపితే 130 దాటుతుంది!

గ్లాసు చెప్పేది ఎంత చోటు పట్టిందన్నది. దాన్ని ఘనపరిమాణం అంటారు, లీటర్లలో చెబుతారు. త్రాసు చెప్పేది ఎంత పదార్థం ఉందన్నది. అది ద్రవ్యరాశి, గ్రాముల్లో చెబుతారు. ఒక మిల్లీలీటరు చోటులో ఎన్ని గ్రాములు పట్టాయన్నది సాంద్రత. ఈ మూడూ తెలిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

మన అమ్మమ్మలు త్రాసు లేకుండానే ఆవకాయ పెట్టారు కదా అంటారా? వాళ్ళు కారం, ఉప్పు, ఆవపిండి ఒకే గిన్నెతో కొలిచేవారు. గిన్నె పెద్దదైనా చిన్నదైనా పాళ్ళు తప్పేవి కావు. అయితే వాళ్ళు దంచుకున్నది కల్లుప్పు. పలుకుల మధ్య గాలి ఉంటుంది గనుక గిన్నెలో తక్కువ తూగుతుంది. ఇప్పుడు అదే గిన్నెతో మెత్తటి ప్యాకెట్ ఉప్పు కొలిస్తే ఉప్పు ఎక్కువ పడుతుంది. "అమ్మ చెప్పిన కొలతే వేశాను, ఉప్పు కషాయమైంది" అనే ఇల్లాళ్ళ కష్టం ఇదే.

నూనె ప్యాకెట్ సంగతీ చూడండి. లీటరు నూనె కిలో ఉండదు, 910 గ్రాముల చిల్లర ఉంటుంది. పైగా వేడెక్కితే నూనె వ్యాకోచించి, అదే లీటరు చోటులో తక్కువ నూనె పడుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర సుమారు 919 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర సుమారు 893 గ్రాములు. కొన్ని కంపెనీలు ఎక్కువ ఉష్ణోగ్రత రాసి లీటరు లెక్క కట్టడం గమనించి, ఉష్ణోగ్రత మాట తీసేసి కొలత, బరువు రెండూ సరిగా వెయ్యమని కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో చెప్పింది. ప్యాకెట్లు పోల్చేటప్పుడు లీటరు ధర కాదు, గ్రాముల అంకె చూడండి.

శేరు అంటే ఏ శేరు?

గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. ఈ పేర్లు మన ఇళ్ళల్లో ఇంకా వినపడుతూనే ఉంటాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. లెక్క చక్కగానే ఉంది గాని, ఒక ఊరి మానిక ఇంకో ఊరి మానికతో సరిపోయేది కాదు.

తూకాల్లో ఇంకా తికమక. మద్రాసు రాజధాని లెక్కలో శేరు అంటే 24 తులాలు, అంటే ఇప్పటి 280 గ్రాములు. అలాంటి శేర్లు అయిదయితే వీశె. ఉత్తరాదిన శేరు అంటే 80 తులాలు, అంటే 933 గ్రాములు! పేరు ఒకటే, సరుకు మూడింతల తేడా. అందుకే 1956లో తూనికలు కొలతల చట్టం చేశారు. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా వచ్చాయి. 1962 నాటికి కిలో, లీటరు దేశమంతా ఒకటయ్యాయి. కిలోకి కొలబద్దగా 1889 నుంచి పారిస్ దగ్గర ప్లాటినం, ఇరిడియం కలిపిన దిమ్మె ఒకటి ఉండేది. 2019 మే 20 నుంచి ఆ దిమ్మెతో పని లేకుండా, ఎన్నటికీ మారని ప్రకృతి స్థిరాంకంతో కిలోని నిర్వచిస్తున్నారు. ఆకివీడు సంతలో కిలో, అమెరికాలో అమ్మాయి వంటింట్లో కిలో ఒకటే కావడం చిన్న విషయం కాదు.

ఎంత కాదు, ఎంతలో ఎంత?

ఇక అసలు సంగతికి వద్దాం. కొల్లేటి నీళ్ళని సముద్రానికి మోసుకుపోయే ఏరు పేరులోనే ఉప్పుంది, ఉప్పుటేరు. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు ఈ ఏట్లోకి ఎగదన్నుతుంది. ఉప్పు నీళ్ళలో కరిగితే అది ద్రావణం. కరిగినంత మాత్రాన ఉప్పు పోలేదు, కలిసిపోయిందంతే. నీళ్ళు ఆవిరైతే మళ్ళీ ఉప్పే మిగులుతుంది. అందుకే ఉప్పునీరు మిశ్రమం. ఉప్పు మాత్రం మిశ్రమం కాదు, సోడియం, క్లోరిన్ అనే రెండు మూలకాలు రసాయనికంగా కలిసి ఏర్పడిన సమ్మేళనం.

సముద్రం నీళ్ళు లీటరులో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. చెరువుల మీద బతికే ఇళ్ళల్లో మగవాళ్ళు "సెలినిటీ ఇన్ని పీపీటీ" అనుకోవడం వినే ఉంటారు. పీపీటీ అంటే వెయ్యి పాళ్ళలో ఇన్ని పాళ్ళు. లీటరుకి ఇన్ని గ్రాములనుకోవచ్చు. తాగే నీళ్ళకి ఇంకా సన్నని కొలత కావాలి గనుక మిల్లీగ్రాముల్లో చెబుతారు. గ్రాములో వెయ్యో వంతు మిల్లీగ్రాము. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో కరిగిన పదార్థాలన్నీ కలిపి లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకపోతే మంచిది. వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. ఈ 'ఎంతలో ఎంత' అనే లెక్కకే గాఢత అని పేరు.

ఒక మాట గుర్తుంచుకోండి. నీళ్ళు కాస్తే క్రిములు చస్తాయి గాని ఉప్పదనం పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది కూడా.

గాఢత తెలియకపోతే ప్రమాదం ఎక్కడుందో చూడండి. పిల్లల జ్వరానికి వాడే పారాసిటమాల్ చుక్కల మందులో 1 మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాముల మందుంటుంది. సిరప్పుల్లో అయితే 5 మిల్లీలీటర్లకి 120 ఉన్నవీ, 250 ఉన్నవీ దొరుకుతాయి. సిరప్ అనుకుని చుక్కల మందు 5 మిల్లీలీటర్లు పట్టిస్తే పసివాడి కడుపులోకి 500 మిల్లీగ్రాములు పోయినట్టే! చెంచా ఒకటే, మందు నాలుగింతలు. అందుకే డాక్టరుగారిని "ఎన్ని చెంచాలు?" అనే కాకుండా "ఎన్ని మిల్లీగ్రాములు?" అని కూడా అడగండి. ఇంటికొచ్చాక సీసా మీది అంకెతో సరిచూసుకోండి. కూరలో వేసే చెంచాతో కాదు, సీసాతో వచ్చిన కొలత మూతతోనో డ్రాపరుతోనో పొయ్యండి.

రొయ్యల కౌంటు, కెమిస్ట్రీ మోలు

పిల్లలు పదకొండో క్లాసు పుస్తకం తెచ్చి "మోల్ అంటే ఏంటమ్మా?" అంటే బిక్కమొహం వెయ్యక్కర్లేదు. మన ప్రాంతపు ఇల్లాలికి ఆ లెక్క ఎప్పుడో తెలుసు. రొయ్యల్ని కౌంటులో అమ్ముతారు కదా! 50 కౌంటు అంటే కిలోకి 50 రొయ్యలు, 100 కౌంటు అంటే కిలోకి 100. అయిదొందల రొయ్యలు కావాలంటే ఎవరూ కూర్చుని లెక్కపెట్టరు. 50 కౌంటయితే 10 కిలోలు, 100 కౌంటయితే 5 కిలోలు తూస్తారు. సంఖ్య ఒకటే, బరువు వేరు.

అణువుల్నీ అలాగే తూచి లెక్కపెడతారు. అవి మరీ చిన్నవి గనుక లెక్క పెద్దది. 602 పక్కన 21 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య ఇంచుమించుగా ఒక మోల్. డజను అంటే 12 అయినట్టు ఇదీ ఒక లెక్కే. 18 గ్రాముల నీళ్ళు, 58.5 గ్రాముల ఉప్పు, 180 గ్రాముల గ్లూకోజు, 342 గ్రాముల పంచదార, వీటిలో ఏది తీసుకున్నా ఒక్కొక్క మోలే.

ఇదంతా పరీక్షలకే గాని మనకెందుకు అనుకుంటున్నారా? విరేచనాలు పట్టుకున్న బిడ్డ ప్రాణం నిలబెట్టేది ఈ లెక్కే.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లో ఏముంది?

మన పేగు గోడలో గ్లూకోజునీ సోడియాన్నీ జతగా లోపలికి తీసుకునే దారి ఒకటుందని రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో చెప్పాడు. ఆ జంట లోపలికి పోతుంటే నీళ్ళు కూడా వెంట వెళతాయి. ఒట్టి నీళ్ళు తాగిస్తే నిలవనిది అందుకే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూచి, నీళ్ళలో కలిపి తాగించాడు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన పాళ్ళు ఇవి. లీటరు నీళ్ళకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. గ్రాముల్లో చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. మోల్ లెక్కలో చూడండి, గ్లూకోజు అణువులెన్నో సోడియం రేణువులూ అన్నే! రెండూ లీటరుకి 75 చొప్పున మిల్లీమోల్స్. మోల్‌లో వెయ్యో వంతు మిల్లీమోల్.

ఇప్పుడు తెలిసిందా, లీటరు ప్యాకెట్ని ఒక్క గ్లాసులో కలపకూడదని ఎందుకంటారో? ఉప్పు చిక్కబడి బిడ్డకి హాని చేస్తుంది. మరీ పలచన చేస్తే పని చెయ్యదు. పంచదార ఎక్కువైతే పేగు నీళ్ళు పీల్చుకునే బదులు ఒంట్లో నీళ్ళే పేగులోకి వస్తాయి, విరేచనాలు పెరుగుతాయి. పంచదార దండిగా ఉన్న డబ్బా పానీయాలు ఓ.ఆర్.ఎస్. పేరుతో అమ్ముడుపోవడం మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఒక తల్లి లేబుల్ చదివితే తన బిడ్డకి మేలు. ఒక డాక్టరు పట్టుబట్టి చదివితే అందరి బిడ్డలకీ మేలు.

భీమవరం బిడ్డ కొలిచిన కొలత

ఆకివీడులో రైలెక్కి ఉండి దాటితే భీమవరం. 1895లో యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టిన ఊరు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయారు. సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి, ఫిస్క్ అనే ఆయనతో కలిసి రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిలో ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కనో భాస్వరం అంత ఎక్కువ. మనం రంగు చూసి టీ డికాషన్ చిక్కదనం చెబుతామే, అలాగన్నమాట. 1940లలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది. అన్నదమ్ముల్ని బలిగొన్న జబ్బుకి ఆ ఫోలిక్ యాసిడే మందయింది.

ఈనాడు గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 500 పెద్దది కదా అనుకోకండి. మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. అంటే అది అర మిల్లీగ్రామే! అంకె చదివి ఆగకూడదు, దాని పక్కనున్న మాట కూడా చదవాలి.

కత్తిరించి అల్మరా తలుపుకి అంటించుకోండి

- టీస్పూను 5 మిల్లీలీటర్లు. ఇంట్లో చెంచాలన్నీ టీస్పూన్లు కావు.
- గ్రాముకి 1000 మిల్లీగ్రాములు. మిల్లీగ్రాముకి 1000 మైక్రోగ్రాములు.
- ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు లీటరువీ ఉంటాయి, 200 మిల్లీలీటర్లవీ ఉంటాయి. ఎన్ని నీళ్ళని రాసి ఉంటే అన్నిట్లో ప్యాకెట్ మొత్తం కలపండి. 24 గంటలు దాటితే పారబొయ్యండి.
- ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను మెత్తటి ఉప్పు వెయ్యండి. చెంచా తలకొట్టి కొలవండి. బిడ్డ నీరసపడినా, మూత్రం రాకపోయినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.
- ఇనుము మాత్రలు పిల్లలకి అందనివ్వకండి. తల్లికి మందు, పసివాడికి విషం.
- వంటల పేజీలో 'గ్లాసు' అని ఉంటే వంటంతా ఒకే గ్లాసుతో కొలవండి. పిండి అదమకండి. బిస్కెట్లు మీ చేతిలోనూ గుల్లగానే వస్తాయి.