సంపాదకుని మాట: భావాలకు బొమ్మ కట్టిన కాలం

ఈ సంచిక విక్టోరియా కాలపు పింగాణీ బొమ్మలది. 1840లలో ఇంగ్లండ్‌లోని స్టోక్ ప్రాంతపు కార్ఖానాలు పాలరాతిని తలపించే పేరియన్ పింగాణీని తయారుచేశాయి. దాంతో సంపన్నుల మేడల్లోని శిల్పం మధ్యతరగతి ఇళ్లకూ చేరింది. వాటిలో ఎన్నో బొమ్మలు భావాలకు రూపాలు. లంగరు పట్టుకున్న స్త్రీ ఆశ. పిల్లల్ని పొదువుకున్నది కరుణ. 1847లో మింటన్ సంస్థ కోసం జాన్ బెల్ మలచిన ‘ఊనా, సింహం’ చూడండి. సింహం వీపుమీద నిశ్చింతగా కూర్చున్న ఆ యువతి నిర్మలత్వానికి ప్రతీక.

సేకరించేవారికి ఒక మాట. బొమ్మను తిరగేసి అడుగున ముద్ర చూడండి. వేళ్ల కొసలు, మెడ తడిమి చూడండి. అతుకులుంటే చేతికి తెలుస్తాయి. ధర అడిగేముందు అది ఏ భావానికి రూపమో తెలుసుకోండి. ఈ సంచికలోని వ్యాసాలు అందుకే.

— సంపాదకుడు