విడిపోని జిగురుకు విరుగుడు

పవన విద్యుత్తును కాలుష్యరహిత ఇంధనంగా ప్రోత్సహిస్తున్న ప్రభుత్వాలు, గాలిమరల రెక్కలు పాతబడిన తర్వాత వాటిని ఏం చేయాలన్న ప్రశ్నను టెండరు దశలోనే తేల్చాలి. గాజునారను ఎపాక్సీ రెసిన్ అనే జిగురుతో బిగించి తయారుచేసే ఈ రెక్కలు సాధారణంగా 20 నుంచి 25 ఏళ్లు పనిచేస్తాయి; ఆ తర్వాత వాటిని కరిగించి తిరిగి వాడే చౌకమార్గం లేనందునే అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రం కాస్పర్ పట్టణంలో ముక్కలుగా కోసి మట్టిలో పూడ్చిపెట్టారు. 1990లలోనే రామగిరి కొండలపై గాలిమరలు నిలిపిన ఉమ్మడి అనంతపురం జిల్లాకూ ఇది పరాయి సమస్య కాదు.

చిక్కంతా ఎపాక్సీ అల్లికలోనే ఉంది. పెట్రోలియం నుంచి వచ్చే బిస్‌ఫినాల్-ఏను ఎపిక్లోరోహైడ్రిన్‌తో చర్య జరిపి అత్యధిక శాతం ఎపాక్సీలను తయారుచేస్తారు. వాటికి హార్డెనర్, అంటే గట్టిపరిచే పదార్థం కలిపితే అణువులు వలలా పెనవేసుకుని, ఎంత వేడిచేసినా మాడిపోవడమే తప్ప కరగని థర్మోసెట్‌గా మారతాయి. పైగా బిస్‌ఫినాల్-ఏ హార్మోన్ల వ్యవస్థకు చేటుచేస్తుందన్న కారణంతో, ఆహారాన్ని తాకే సామగ్రిలో దాని వాడకంపై ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరులో నిషేధాన్ని ఆమోదించింది.

పెట్రోలియానికి ప్రత్యామ్నాయ ముడిసరుకు తెలుగునేలపైనే ఉంది. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపప్పు తీశాక మిగిలే తొక్కలో, ఒలిచే కూలీల చేతులను పుండుచేసే చిక్కటి గోధుమరంగు నూనె ఉంటుంది. దాన్ని వేడిచేసి శుద్ధిచేస్తే లభించే కార్డనాల్ నుంచి తయారైన హార్డెనర్లను ఓడల పూతల్లో ఎంతోకాలంగా వాడుతున్నారు. అయితే మొక్క నుంచి పుట్టినంత మాత్రాన ఏ ఎపాక్సీ అయినా మట్టిలో కలిసిపోతుందనుకోవడం భ్రమ. కార్డనాల్‌తో గట్టిపడిన పూత కూడా పెట్రోలియం పూతలాగే విడిపోకుండా మిగులుతుంది. ముడిసరుకు మూలాన్ని మాత్రమే చూసి ‘హరిత’ ముద్ర వేయడం వినియోగదారును మోసగించడమే.

విడిపోయే గుణాన్ని అణుబంధాల్లోనే పొదగాలి. అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు చక్కెరల వంటి జీవవనరుల నుంచి రాబట్టగల ఈస్టరు బంధాల రెసిన్‌తో 9 మీటర్ల రెక్కను తయారుచేసి, వేడి మిథనాల్‌లో 6 గంటల్లో దాన్ని విడగొట్టి, గాజునారను తిరిగి రాబట్టినట్టు 2024లో ప్రకటించారు. సీమెన్స్ గమేసా సంస్థ తేలికపాటి ఆమ్లద్రావణంలో విడిపోయే రెక్కలను 2022లో జర్మనీ సముద్రజలాల్లోనే బిగించింది.

తేలిగ్గా విడిపోయే రెసిన్ వానకూ ఎండకూ ఏళ్ల తరబడి నిలుస్తుందా అన్న సందేహం సహేతుకమే. కానీ ఈ బంధాలు తెగడానికి నిర్దిష్టమైన ద్రావకమూ వేడిమీ కావాలి కనుక, మన్నికను ముందుగా పరీక్షించి నిర్ధారించుకోవచ్చు. ఖర్చు ఎక్కువన్న వాదన చేసేవారు పాతరెక్కల పారవేత భారాన్ని లెక్కలో చేర్చడం లేదు. ఆ భారాన్ని చివరికి మోసేది గ్రామాలూ పంచాయతీలే.

కాబట్టి కొత్త పవన విద్యుత్ టెండర్లలో తిరిగి విడదీయగల రెక్కలను దశలవారీగా తప్పనిసరి చేయాలి, విడదీత బాధ్యతను తయారీదారుపైనే ఉంచాలి, జీడితొక్క నూనె నుంచి విడిపోయే రెసిన్ల పరిశోధనకు ప్రభుత్వ నిధులివ్వాలి. విడదీసే దారి చూపని పదార్థానికి, అది ఏ మొక్క నుంచి వచ్చినా సరే, ప్రజాధనంతో రాయితీ ఇవ్వకూడదు.