వేంగి పేరు ఏ పాపం చేసింది?

మా దెందులూరు ఉన్నచోటనే ఉన్నది. జిల్లాలే దాని మీదుగా మారిపోతున్నవి. 1859లో గోదావరి జిల్లా అన్నారు. 1904లో కృష్ణలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి అన్నారు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా అన్నారు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ ఈ నేలకు చరిత్ర ఇచ్చిన పేరు కాదు. ఆ పేరు వేంగి.

శాలంకాయనుల రాజధాని వేంగీపురం నేటి పెదవేగి. తూర్పు చాళుక్యులను చరిత్ర వేంగీ చాళుక్యులనే పిలుస్తున్నది. విష్ణుకుండిన విక్రమేంద్రవర్మ చిక్కుళ్ళ తామ్రశాసనంలోని లెందులూరు మా దెందులూరేనని చరిత్రకారులు గుర్తించారు. ఇంతటి పేరు చేతిలో ఉండగా, 2022లో మన పాలకులు ముఖ్యపట్టణం పేరే జిల్లాకు తగిలించి ఊరుకున్నారు.

జిల్లాకు ముఖ్యపట్టణం పేరే ఉండాలన్న నియమమేదైనా ఉన్నదా? ఉంటే, అదే రోజున నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు పల్నాడు అని, అమలాపురం కేంద్రంగా ఏర్పడినదానికి కోనసీమ అని ఎట్లా పెట్టారు? పల్నాటికి దక్కిన గౌరవం వేంగినాటికి ఎందుకు దక్కలేదు?

వేంగీరాజ్యం చాలా పెద్దది, ఒక్క జిల్లాకు ఆ పేరు చెల్లదని కొందరంటారు. గోదావరి మహారాష్ట్రలో పుట్టిన నది. ఆ పేరును జిల్లాలకు పెట్టుకున్నప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు? రాజధాని రాజమహేంద్రవరానికి తరలిన తరువాత కూడా ఆ రాజ్యం వేంగీరాజ్యమే. అయినా వేంగీపురపు నేల ఈ జిల్లాలోనే ఉన్నది కదా!

జపానులో 'కుని' అనే ప్రాచీన మండలాలు అరవైకి పైగా ఉండేవి. 1871లో మెయిజీ ప్రభుత్వం కొత్త పాలనా విభాగాలను నెలకొల్పింది. వాటిలోనూ చాలావాటికి పట్టణాల పేర్లే పెట్టారు. అయినా ఆ పాత పేర్లు జనం నోట నిలిచాయి. కగావా ప్రాంతపు గోధుమ సేమియాను నేటికీ 'సనుకి ఉదోన్' అనే అంటారు. ముసాషి అనే పాత మండలం పేరు రైల్వే స్టేషన్ల పేర్లకు ముందు నేటికీ ఉన్నది.

మన దగ్గర సాతవాహనుల కాలపు పాలనా విభాగం పేరే 'ఆహారం'. ఆ తరువాత విషయాలు, నాడులు వచ్చాయి. అవన్నీ ఇప్పుడెక్కడ ఉన్నాయి? పెండ్లి సంబంధాల ప్రకటనలలో! వెలనాటి, వేగినాటి, ములకినాటి, పాకనాటి అంటూ. ఒకప్పుడు ఆ నేల మీద నివసించిన ప్రతివారికీ చెందిన పేరు నేడు ఒక శాఖకు గుర్తుగా మిగిలింది. కొల్లేటిలో వల వేసేవాడికీ, దెందులూరులో నాట్లు వేసే కూలితల్లికీ వేంగి తమదని తెలిసే దారి లేదు. నా బాధ అంతా అదే.

ఏలూరు మీద నాకు ద్వేషం లేదు. ఏలూరు ముఖ్యపట్టణంగానే ఉండనీయండి. జిల్లాకు మాత్రం వేంగి అని పేరు పెట్టండి. కాదనేవారు కారణం చెప్పండి, వింటాను.