తల్లి మగ్గం చూసి నేర్చినవాడు

టయోటా కారును మన పిల్లలు రోడ్డు మీద చూస్తేనే గుర్తుపడతారు. కానీ ఆ ఇంటివాళ్ల మొదటి పని కార్లు కాదు, మన సాంచాలే. ఈ నెల ఆ సంగతి చెప్తాను.

సకిచి టొయోడా 1867లో జపాన్‌లోని యమగుచి అనే పల్లెలో పుట్టాడు. తండ్రి సేద్యం చేస్తూ వడ్రంగం కూడా చేసేవాడు. తల్లి ఇంట్లో మగ్గం నేసేది. పిల్లవాడు చిన్న బడితోనే చదువు ఆపి, తండ్రి దగ్గర ఉలి, రంపం పట్టాడు. చేతిలో వడ్రంగం, కళ్ల ముందు తల్లి మగ్గం. ఇంక వేరే గురువు ఎందుకు?

ఆ పాత మగ్గం మీద నాడెను ఒక చేత్తో విసిరి ఇంకో చేత్తో అందుకోవాలి, మళ్లీ పలక లాగి పేకను గుద్దాలి. పొద్దంతా కూచున్నా కొంచెం గుడ్డే దిగేది. 1885లో అక్కడ పేటెంటు చట్టం వచ్చింది. కొత్త వస్తువు కనిపెట్టినవాడికి దాని మీద హక్కు ఉంటుందని తెలిసి, ఈ కుర్రాడు మగ్గాలు కట్టడం, విప్పడం మొదలుపెట్టాడు. తండ్రికి కోపం. ఊరివాళ్లకేమో వీడొక పిచ్చోడు. 1890లో టోక్యోలో పెద్ద ఎగ్జిబిషన్ పెడితే, రోజూ పోయి మిషన్ల ముందు నిలబడేవాడు. ఆ ఏడే ఒంటి చేత్తో నేసే మగ్గం చేశాడు. పలక లాగితే చాలు, నాడె దానంతటదే పోతుంది. 1891లో పేటెంటు వచ్చింది.

1896లో పవర్‌లూమ్ చేశాడు. పేక తెగినా, అయిపోయినా అది తనంతట తానే ఆగేది. సాంచా ముందు నిలబడ్డవాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు. పేక లేకుండా సాంచా కాసేపు ఆడిందంటే గుడ్డ పాడు, మన కూలిలో కోత.

అయితే తనంతట ఆగే సాంచా పక్కన మనిషి కాపలా ఎందుకు? ఒక్కరే చాలా సాంచాలు చూసుకోవచ్చు. తల్లి కష్టం చూసి మొదలైన పని, మిల్లుల్లో మనుషులను తగ్గించడానికి కూడా పనికొచ్చింది. అది కూడా పిల్లలకు చెప్పాలి.

1929లో ప్లాట్ బ్రదర్స్ అనే ఇంగ్లండు కంపెనీ అతని ఆటోమేటిక్ సాంచా హక్కు కొన్నది. 1930లో సకిచి పోయాడు. కార్ల పని కొడుకు కీచిరో చేశాడు.

షోలాపూర్‌లో అయినా ఇంకెక్కడైనా, అమ్మ బీడీలు చుడుతుంటే, నాన్న కండెలు సర్దుతుంటే పిల్లలు పక్కన కూచొని చూస్తారు. "ఇది ఇట్లనే ఎందుకు చెయ్యాలి?" అని అడుగుతారు. కసురుకోకండి. పని ఆపి ఒక్క నిమిషం చూపియ్యండి.