తస్మా కూడా ఖబరే

"కశ్మీర్ పోయి వచ్చి బూటు పట్టీ గురించి రాస్తావా?" అని నవ్వాడు మా ఆఫీసు దోస్త్ ఒకడు. ఆయన తప్పేం లేదు. మా డెస్కు మీద కశ్మీర్‌కి రెండే ఖానాలు. ఒకటి బారూద్, రెండోది డాల్ సరస్సు మీద షికారా ఫోటో. ఈ రెండింట్లో పట్టని సంగతి తెస్తే "ఇందులో ఖబర్ ఏముంది?" అంటారు. పోయిన చలికాలం గుల్మర్గ్‌లో నాలుగు రోజులున్నాను. అక్కడ నేను చూసినవాటిలో పెద్ద ఖబర్ ఒక తస్మా. తెలుగులో పట్టీ అనండి, వార్ అనండి. నాకు చిన్నప్పటి ఉర్దూ స్కూల్ మాట తస్మాయే నోటికి వస్తుంది.

మా ఖాలా కొడుకు సియాటిల్‌లో ఉంటాడు. కంప్యూటర్ కొలువు. అక్కడి కాస్కేడ్ కొండల్లో స్కీయింగ్ షౌక్ పట్టుకుంది. ఇంట్లో ఒక షాదీకి ఇండియా వచ్చి, పనిలో పని గుల్మర్గ్ మంచు కూడా చూస్తానని బయల్దేరాడు. తోడుగా నేను. నాకు స్కీయింగ్ రాదు. కేబుల్ కారెక్కి కొంగ్డూరీ దాకా పోయి చాయ్ తాగి దిగడమే నా సాహసం. వాడు మాత్రం ఒక గైడుని కుదుర్చుకుని అఫర్వత్ కొండ మీదికి పోయేవాడు.

ఆ గైడు పేరు రాయను. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. తంగ్‌మర్గ్ వైపు ఊరు. రెండో రోజు సాయంత్రం హమామ్ గదిలో కూర్చుని నూన్ చాయ్ తాగుతుంటే, వాడు పైజామా కొంచెం పైకి లాగి మోకాలి కింద రుద్దుకున్నాడు. రెండు కాళ్ళకీ ముందు ఎముక మీద ఒకే ఎత్తులో నల్లగా కమిలిన మచ్చ. చర్మం మందంగా, నమాజీల నుదుటి మీద గట్టాలాగా తయారైంది. "ఏమైంది?" అన్నాను. "కామ్ కా నిషాన్ హై, జనాబ్" అన్నాడు. పని గుర్తు. మావాడు వంగి చూసి, "నాకూ ఉండేది భాయ్, ఇది బూటు దెబ్బ" అన్నాడు.

ఇక్కడ కొంచెం బూటు సంగతి చెప్పాలి. తెలుగు పాఠకులకి దీంతో పనేమిటని అనుకోకండి. పైజామా కట్టుకున్నవాళ్ళందరికీ అర్థమయ్యే మాటే.

స్కీ టూరింగ్ అంటే లిఫ్టు లేకుండా సొంత కాళ్ళ మీద కొండెక్కి, స్కీల మీద దిగడం. స్కీల కింద అతికించే పట్టీలుంటాయి. వాటి నూగు ఒక వైపుకే జారుతుంది, వెనక్కి జారనివ్వదు. ఎక్కేటప్పుడు మడమ లేచి ఆడుతుండాలి, బూటు పైభాగం ముందుకీ వెనక్కీ ఊగాలి. పైకి చేరాక వెనక ఉండే చిన్న మీట బిగిస్తే ఆ ఊగడం ఆగిపోతుంది, బూటు మొత్తం ఒక ముక్క అయిపోతుంది. అప్పుడు దిగుతారు. ఒకే బూటు రెండు మిజాజ్‌లు మోయాలి. అందుకే వీటిని తేలికగా, పలచటి ప్లాస్టిక్‌తో చేస్తారు. బరువు తగ్గించే తొందరలో ముందు చిక్కిపోయేది పైన ఉండే తస్మా. చాలా బూట్లకి వచ్చేది వెల్‌క్రో అంటించిన నైలాన్ పట్టీ. ఏమాత్రం సాగదు.

స్కీ మీద దిగేవాడు బండిని తోలేది మోకాలి కింది ఎముకతోనే. ఆ ఎముకని బూటు నాలుక మీద ఆనించి ముందుకి తోస్తాడు. స్కీ మలుపు తిరుగుతుంది. పట్టీ సాగనిదైతే ఏమవుతుంది? కాలికీ నాలుకకీ మధ్య సందు ఏర్పడుతుంది. గట్టి మంచు మీద బండి ఎగిరిన ప్రతిసారీ కాలు వెనక్కి పోతుంది, మళ్ళీ వచ్చి నాలుకకి కొట్టుకుంటుంది. సందు లేకుండా బిగించామా, కాలు గోడకి ఆనినట్టే, ఇంచు కదలదు. వదులైతే దెబ్బ, బిగిస్తే తిమ్మిరి. రోజుకి కొన్ని వేల సార్లు.

ఎలాస్టిక్ తస్మా చేసే పని చూడండి. అది బూటు ప్లాస్టిక్ మీంచి కాకుండా, లోపలి మెత్తటి అస్తర్ నాలుకని చుట్టుకుని ఉంటుంది. కాలు ముందుకి తోస్తే సాగుతుంది, సాగినకొద్దీ అడ్డుపడుతుంది, కాలు వెనక్కి వస్తే తానూ వెంటే వస్తుంది. సందు పడనివ్వదు. నాడా పైజామాకీ ఎలాస్టిక్ పైజామాకీ తేడా తెలుసు కదా? దావత్‌లో బిర్యానీ తిన్నాక నాడా ఎవరిని ఎంత సతాయిస్తుందో నేను చెప్పక్కర్లేదు. అంతే సంగతి. ఉర్దూలో ఒక మంచి మాట ఉంది, లచక్. సాగే గుణం, వంగి మళ్ళీ నిలబడే గుణం. ఆ పట్టీలో ఉన్నది అదే.

గైడు తెలియకేం లేడు. ఫిరంగీల బూట్లకి చూశాడట. తానూ ప్రయత్నం చేశాడు. శ్రీనగర్ బజార్లో దర్జీలు వాడే వెడల్పాటి ఎలాస్టిక్ కొని, మోచీ దగ్గర రెండు పొరలు కుట్టించుకున్నాడు. కింద బాగానే ఉంది. అఫర్వత్ పైన, నాలుగు వేల మీటర్లకి దగ్గర్లో, పొద్దున చలికి అది కర్రలా బిగిసిపోయింది. వారం తిరక్కుండానే కుట్టు ఊడింది.

మావాడి సంచిలో పాత బూట్ల నుంచి విప్పిన ఎలాస్టిక్ తస్మాలు ఒక జత ఉన్నాయి. బూట్లు అమ్మేసినా వాటిని దాచుకున్నాడు. ఆ రాత్రే పని మొదలైంది. తంగ్‌మర్గ్‌లో గైడు మామూది ఒక ఫర్నిచర్ దుకాణం. డ్రిల్లు ఉంది, కరెంటు పోయి పోయి వస్తోంది. నా పని మొబైల్ టార్చి పట్టుకోవడం.

ముందు అస్తర్ బయటికి తీశారు. కొన్ని బూట్లకి పాత పట్టీ మరతో ఉంటుంది, తాళం పెట్టి తిప్పితే వచ్చేస్తుంది. ఇతని బూట్లకి వెనక రెండు రివిట్లు. మామూ వాటి తలలు మాత్రమే డ్రిల్లుతో జాగ్రత్తగా తొలిచాడు, ప్లాస్టిక్‌కి తగలకుండా. పక్కనే నడక మీట ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే బూటు మొత్తం గయా. కొత్త తస్మాకి రంధ్రం కత్తితో కోయబోతే మావాడు ఆపాడు. కోస్తే పోగులు లేస్తాయి. మేకు ఎర్రగా కాల్చి గుచ్చితే అంచు కరిగి మూసుకుంటుంది. లోపలి వైపు వెడల్పాటి చదును తల ఉన్న నట్టు, బయట బోల్టు. లోపల ఏదైనా పొడుచుకొస్తే అది రేపు పిక్కకే తగులుతుంది, అందుకని మామూ చెయ్యి లోపల పెట్టి చాలాసేపు తడిమి చూశాడు. చూపులేని హాఫిజ్ సాబ్ ముసాఫా చేస్తూ మనిషిని గుర్తుపడతాడే, అట్లా. ఎలాస్టిక్ భాగం సరిగ్గా ఎముక ముందుకి రావాలి. బకల్ బయటి వైపు ఉండాలి, లోపలి వైపుంటే రెండో కాలికి కొట్టుకుంటుంది. రెండు బూట్లకీ గంటన్నర పట్టింది. అందులో అరగంట కరెంటు కోసం సబర్.

మర్నాడు దిగి వచ్చాక అడిగాను, ఎలా ఉందని. "భాయ్ జాన్, ఆజ్ పైర్ యాద్ నహీఁ ఆయే" అన్నాడు. ఇవాళ కాళ్ళు గుర్తుకే రాలేదట. ఇరవై ఏళ్ళుగా కలం పట్టినవాణ్ణి, నొప్పి లేకపోవడం గురించి ఇంత సాఫ్‌గా నేను రాయలేను.

ఇప్పుడు నా వాదన. ఈ తస్మాని నేను దవా అనడం లేదు. బూటు సైజే తప్పయితే, మడమ లోపల లేస్తుంటే, ఏ తస్మా ఏమీ చెయ్యదు. లచక్ ఉంది కదా అని బలంగా లాగి కట్టుకుంటే రక్తం పాదానికి చేరదు, వేళ్ళు చల్లబడతాయి. అక్కడి చలిలో అది తమాషా కాదు. ఎక్కేటప్పుడు పూర్తిగా వదులు చెయ్యాలి. పందెం కోసం చేసిన మరీ తేలిక బూట్లకి ఇది దండగ. గ్రాములు లెక్కపెట్టుకునేవాళ్ళు "బరువు పెరుగుతుంది" అంటారు. నిజమే, పెరుగుతుంది. షౌక్ కోసం ఏడాదికి పది రోజులు కొండెక్కేవాడు ఆ లెక్క వేసుకోవచ్చు. రోజూ అదే కొండ మీద రోజీ వెతుక్కునేవాడి లెక్క వేరు. వాడి ఏడాది సంపాదన డిసెంబర్ ఆఖరు నుంచి మార్చి దాకా. మంచు పడితే. 2024 జనవరిలో దాదాపు నెలంతా గుల్మర్గ్‌లో గడ్డే కనపడింది, మంచు లేదు. అలాంటి ఏడు మిగిలిన కొద్ది రోజుల్లో కాలి నొప్పితో ఇంట్లో కూర్చుంటే తిండెవరు పెడతారు?

గుల్మర్గ్‌కి వచ్చే మెహమాన్లు మంచివాళ్ళే. పోతూ పోతూ పాత బూట్లు గైడులకి ఇచ్చి పోతారు. నేను దీన్ని తప్పు పట్టను. కానీ ఇచ్చేది ఎవరి పాదానికి కుదిరిన బూటో ఆలోచించండి. ఆ అస్తర్‌ని వేడి చేసి ఇచ్చినవాడి కాలికి అచ్చు పోసి ఉంటారు. వేరే దేశం, వేరే కాలు, వేరే వేళ్ళు. దానం తీసుకున్నవాడు పదేళ్ళు మరొకడి పాదంలో నడుస్తాడు. ఇటలీలో మాంటెబెల్లూనా అనే ఊరి చుట్టుపక్కల ఈ బూట్లు చేసే కర్మాగారాలు వరసగా ఉంటాయి. అక్కణ్ణించి వచ్చిన కొత్త జత కొనాలంటే గైడు సీజన్ సంపాదన గోవిందా. తస్మా ధర అందులో పదో వంతుకి అటూ ఇటూ. అందుకే అంటున్నాను, పాత బూట్లు మోసుకెళ్ళేకంటే తస్మాలు, నట్లు, అస్తర్‌లు తీసుకెళ్ళండి. అంతకంటే ముఖ్యం, బిగించే హునర్ అక్కడ ఉండాలి. గుల్మర్గ్‌లో స్కీయింగ్ నేర్పే సర్కారీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1960ల ఆఖరు నుంచీ. స్కీయింగ్ తాలీమ్‌తో పాటు బూటు మరమ్మతు కూడా ఒక ఫన్‌గా నేర్పితే ఆ లోయలో ఇంకో పది ఇళ్ళలో పొయ్యి వెలుగుతుంది.

ఇక్కడ మనవాళ్ళకే గొంతులో అడ్డం పడే మాట ఒకటుంది. బూటు కుట్టే పని అంటే మనలోనూ చిన్నచూపే. "ఇస్లాంలో జాత్ లేదు" అని జుమ్మా రోజు చెప్పుకుంటాం, శనివారం మోచీని మోచీగానే చూస్తాం. కశ్మీర్‌లోనూ తోలు పని చేసే వతల్‌ల సంగతి అంతే, వాళ్ళతో రిష్తా కలుపుకునేవాళ్ళు అరుదు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని బీబీ ఆయిషా చెప్పిన హదీస్‌ని మాత్రం తఖ్రీర్లలో కళ్ళు తుడుచుకుంటూ వింటాం. ఆ రాత్రి మామూ బూటులో చెయ్యి పెట్టి తడుముతుంటే నాకు ఆ హదీసే గుర్తొచ్చింది.

2022లో బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి ఇండియా మొత్తం నుంచి వెళ్ళింది ఒకే ఒక్కడు, ఆరిఫ్ ఖాన్. ఈ తంగ్‌మర్గ్ ప్రాంతం పిల్లాడే. జెండా పట్టుకున్న ఫోటో మన తెలుగు పేపర్లన్నీ వేశాయి. నేనూ రెండు పేరాలు రాశాను. కాళ్ళకి ఏం వేసుకున్నాడు, ఎవరు బిగించారు, ఆ డబ్బు ఎక్కణ్ణించి వచ్చింది అని నేను కూడా అడగలేదు. జెండా కనపడితే బూటు కనపడదు మాకు.

ఇంకో సంగతి. తస్మాలు మావాడు తోహ్ఫా అనుకున్నాడు. గైడు అనుకోలేదు. చివరి రోజు హిసాబ్ చేసేటప్పుడు, తన కూలీలోంచి తస్మాల ధర తీసేసి మిగిలింది ఇమ్మన్నాడు. మావాడు "అరే నక్కో మియా" అన్నాడు, అచ్చం మల్లేపల్లి గొంతుతో. అమెరికా ఇరవై ఏళ్ళయినా ఆ మాట పోలేదు. గైడుకి 'నక్కో' అర్థం కాలేదు, నవ్వాడు, కానీ తగ్గలేదు. "తోహ్ఫా అయితే పాతబడ్డాక అడగలేను. కొంటే రేపు మళ్ళీ అడుగుతాను" అన్నాడు. మావాడికి మనసు చివుక్కుమంది, దారంతా ఏమీ మాట్లాడలేదు. నేను గైడు వైపే. ధర తీసేసే లెక్క రాసిచ్చింది కూడా నేనే.

పోయిన వారం వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎడమ బూటు బాగుందట. కుడి బూటు బోల్టు ఒకటి వదులైందట, మరకి పూసే జిగురు ఏది వాడాలో కనుక్కోమన్నాడు. ఊళ్ళో ఇంకో ముగ్గురు అడుగుతున్నారట, మామూ బిగించి ఇస్తానన్నాడట. మూడు జతల పైసలు ఫోన్‌లో ముందే పంపేశాడు. నాకు. మావాడికి కాదు.